తొలి కడుగు

మా అమ్మాయి రోజుకి రెండు గంటల పది నిమిషాలు మేలుకుని ఉంటోంది. కిందటి వారం రెండు గంటల నలభై ఉండేది. రోజుకి నాలుగు నిమిషాలకు పైగా తరుగుతోందని తేల్చడానికి కెమిస్ట్రీలో డాక్టరేట్ అక్కర్లేదు, నాకు అది ఉన్నా సరే. ఈ లెక్కన నెల్లాళ్లకి సున్నా. సున్నాకి చేరిన కునుకు జబ్బు మనిషి మళ్లీ లేవడం ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఊపిరి ఆడుతుంది. ఆపైన ఆ పని కూడా ఒళ్లు మరిచిపోతుంది.

పిల్ల పేరు మంజిష్ఠ. పదహారేళ్లు. ఆ పేరు పెట్టింది వాళ్ల నాన్న లోకనాథం. ఆయన మా కాలేజీలోనే బాటనీ చెబుతారు. మగపిల్లాడు పుట్టి ఉంటే ఉత్తరేణి అని పెట్టేవారేమోనని నేను ఏడిపించేదాన్ని. అందరం మంజి అనే పిలుస్తాం.

మంజి పదకొండింటికి లేస్తుంది. లేచీ లేవగానే గోడ గడియారం చూస్తుంది. మెలకువగా ఉన్నంతసేపూ అన్నం ముట్టదు. "తినడానికి మెలకువ ఖర్చు పెట్టనా? నిద్రపోయాక గొట్టంలోంచి పోసెయ్యండి" అంటుంది. మొదట్లో తల్లిప్రాణం ఒప్పుకోలేదు. తర్వాత దాని మాటే నిజమనిపించింది. స్నానానికి పది నిమిషాలు, నాన్నతో చదరంగం అరగంట, పక్కింటి మేకపిల్లతో కాసేపు. మిగతాదంతా నాతో పోట్లాటకే.

"చెల్లి ఎలా ఉంది?" అని అడిగింది ఆ రోజు, తల దువ్వించుకుంటూ.

చెల్లి అంటే మా ల్యాబులో ఉన్న గాజు పలక. మంజి చర్మంలోంచి తీసిన కణాలని నరాల కణాలుగా మార్చి ఆ పలక మీద పెంచాం. మంజికున్న జబ్బే వాటికీ ఉంది. అవి పడుకుంటే తెర మీద గీత చదునుగా సాగుతుంది. మేలుకుంటే గీత లేచి గంతులు వేస్తుంది. మందు చుక్క ముందు దాని మీద వేసి చూస్తాం.

"పడుకుంది" అన్నాను.

"నిద్రమొహం. అక్క పోలికే."

దువ్వెన ఆపి దాని తల నా పొట్టకి అదుముకున్నాను. "జడ చెడిపోతోందమ్మా, టైమ్ అయిపోతోంది" అని విడిపించుకుంది.

కునుకు జబ్బు మొదలై ఆరేళ్లయింది. ఎందుకు వస్తుందో తెలియదు, ఒకరి నుంచి ఒకరికి మాత్రం అంటదు. మా జిల్లాలోనే పదకొండు వందల మంది నిద్రపోతున్నారు. దానికి మందు ఉండొచ్చని మొదటిసారి తెలిసింది కిందటేడు. కాపలాకు అనే కొండ మొక్క ఆకులో ఒక ఫ్లేవనాయిడ్ ఉందనీ, అది కునుకు పట్టిన ఎలుకలని లేపిందనీ దూరాన ఒక ల్యాబువాళ్లు ప్రకటించారు. ఫ్లేవనాయిడ్లంటే ఆకుల్లో, పువ్వుల్లో, పండ్ల తొక్కల్లో ఉండే పసుపుపచ్చ పదార్థాలు. వేల రకాలున్నాయి. ఇది వాటిలో ఒకటి. దాని అణువు ఆకారం చదివేలోపే వాళ్ల దగ్గరున్న గుప్పెడు ఆకూ అయిపోయింది.

మరి కొయ్యడానికి మొక్క లేదు. అది పెరిగింది మా వైపు ఒకే ఒక్క కొండ మీద. ఆ కొండని రాతికోసం తవ్వి, చదును చేసి, పక్కన గొయ్యి కూడా చేసి వెళ్లిపోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని సామెత. మాకు పట్టుకుందామంటే ఆకులు కూడా లేవు.

ఉన్నవల్లా మా ఆయన హెర్బేరియంలో ఉన్నాయి. హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల్ని అట్టల మీద కుట్టి, చీటీ రాసి దాచే గది. ఇరవై ఏళ్ల కిందట విద్యార్థుల్ని వెంటేసుకుని ఆ కొండెక్కి ఆయన తెచ్చిన కాపలాకు అట్టలు ముప్పై ఉన్నాయి. ఆకులన్నీ తూస్తే నలభై నాలుగు గ్రాములు. ఆ ల్యాబువాళ్లు చెప్పిన మోతాదు ప్రకారం అది ఒక మనిషికి మూడు నెలల మెలకువ. ఆకారం చదివేస్తే మందు ఫ్యాక్టరీలో తయారవడానికి పట్టేదీ మూడు నెలలే. సరిగ్గా సరిపోతుంది. ఆ లెక్క తేలిన రోజు నేనూ ఆయనా హెర్బేరియం నేల మీద కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చాం.

అయితే ఒక చిక్కు ఉంది. పాతకాలపు పద్ధతి ప్రకారం మా ఆయన ప్రతి కొమ్మనీ పాదరసపు ఉప్పు కలిపిన సారాయిలో ముంచి అట్టకి కుట్టారు, పురుగు పట్టకుండా. ఆకులోంచి ఫ్లేవనాయిడ్‌ని లాగే ద్రావణాలు పాదరసాన్నీ లాగేస్తాయి. అది లోపలికి వెళితే మంజి జబ్బు కంటే ముందు పాదరసమే దాన్ని చంపుతుంది.

"మీరు పెట్టిన విషమే ఇప్పుడు అడ్డం" అన్నాను.

"విషం పెట్టబట్టే ఆకు మిగిలింది హైమా. మిగతా ఊళ్లలో పురుగులు చీటీలతో సహా తినేశాయి" అన్నారాయన.

రెండూ నిజమే. అందుకే ఆ పోట్లాట ఎప్పటికీ తెగలేదు.

ఆకులో ఉన్న పసుపుని పట్టుకోవాలి, పాదరసాన్ని వదిలెయ్యాలి. అలాంటి ద్రావణి ఏది? నా పని అది ఒక్కటే. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పనే. మొదటి మెట్టు గురించి ఆలోచించాల్సిన అవసరం కూడా లేదు. ఏ ఆకునైనా ముందు హెక్సేన్‌తో కడుగుతాం. పెట్రోలు వాసన వేసే తేలికపాటి ద్రవం అది. మైనాన్నీ, నూనెలనీ పట్టుకుపోతుంది. ఇంట్లో బియ్యం తొలి కడుగు పారబోసినట్టు ల్యాబులో ఆ కడుగుని పారబోస్తాం. ఫ్లేవనాయిడ్లు హెక్సేన్‌లోకి రావు. ఏటా నేను చెప్పే పాఠం అది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

నలభై నాలుగు గ్రాములూ ఒక్కసారే కడిగేశాను. విడివిడిగా కడిగితే ఆకు పొడై నష్టపోతుందని నా జాగ్రత్త. పైన తెల్లటి మైనం పోయి ఆకులు శుభ్రంగా, నిగనిగలాడుతూ వచ్చాయి.

"ఇది పారబొయ్యడమేనా మేడమ్?" అని అడిగాడు అప్పలకొండ, కడుగున్న జాడీ పట్టుకుని. అప్పలకొండ మా ల్యాబు అటెండరు. గాజు సామానంతా అతనే కడుగుతాడు. అతని భార్య పైడమ్మ కూడా నిద్రలోనే ఉంది. ఆవిడ మెలకువ అప్పటికి గంట. పెద్దవాళ్లకి తరుగు నెమ్మది, వారానికి నాలుగు నిమిషాలే.

"ఆ, పీపాలో పోసెయ్" అన్నాను.

తీసుకెళ్లి వరండా చివరనున్న వ్యర్థాల పీపాలో పోసేశాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను, గుర్తున్నది మాత్రం చెబుతాను. ప్రయోగానికి రెండు గ్రాముల ఆకు. రెండు గ్రాములంటే మంజికి నాలుగు రోజులు. తక్కెడలో ఆకు వేసిన ప్రతిసారీ నాకు కనిపించింది ఆ నాలుగు రోజులే.

ముందు మిథనాల్. పసుపు బాగానే వచ్చింది, పాదరసమంతా దాని వెంటే వచ్చింది. పాదరసాన్ని పట్టే గంధకపు ఇసుక గుండా పంపితే విషం పోయింది, పలక మీద గీత మాత్రం కదల్లేదు. ఇసుక మందుని కూడా మింగేసిందనుకున్నాను. డెబ్బై పాళ్ల సారాయి, ముప్పై పాళ్ల నీళ్లు కలిపి చూశాను. గీత కదల్లేదు. అసిటోన్ తెచ్చాను, దానికి పాదరసమంటే మరీ ప్రేమ. ఇథైల్ అసిటేట్ మీద చాలా ఆశ పెట్టుకున్నాను. అది రంగు తెచ్చింది, విషం తెచ్చింది, మెలకువ తేలేదు. చన్నీళ్లు, వేన్నీళ్లు, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు, బ్యుటనాల్. తెర మీద గీత చాప పరిచినట్టు పడుకునే ఉంది.

"చెల్లి ఏమంది?" అనేది మంజి, లేచినప్పుడల్లా. దాని మెలకువ గంటన్నరకి వచ్చింది. గంటకి వచ్చింది. చదరంగం మానేసింది. నలభై నిమిషాలకి వచ్చాక మేకపిల్లనే గదిలోకి తెప్పించుకునేది.

ఒకరోజు నన్ను తేరిపార చూసి, "అమ్మా, నువ్వు తల దువ్వుకుని ఎన్ని రోజులైంది?" అంది. తనకున్న నలభై నిమిషాల్లో పదిహేను నాకు జడ వేయడానికే పెట్టింది. వద్దంటే వినలేదు. వీధి గుమ్మం వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను, నా కళ్లు దానికి కనబడకుండా.

పదకొండో ప్రయోగం కూడా పోయిన సోమవారం నాకు పిచ్చి పట్టినంత పనైంది. హెర్బేరియంలోకి వెళ్లి మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"మీరు వేరే మొక్కని కాపలాకు అనుకుని కుట్టేశారు. ఈ ఆకులో ఏమీ లేదు. నా పిల్ల రోజులన్నీ మీ గడ్డిపరకల మీద పోశాను!"

ఆయన నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజూ అనలేదు. తాళం తీసి, ఇనప బీరువాలోంచి ఒక అట్ట బయటికి తీశారు. అది ముప్పై ఒకటో అట్ట, మూలపు అట్ట. కొత్త మొక్కకి శాస్త్రంలో పేరు పెట్టేటప్పుడు ఏ కొమ్మని చూసి పెట్టారో ఆ కొమ్మని అలాగే ఉంచాలి. ఇల్లంటుకుంటే బాటనీ వాళ్లు ముందు దాన్నే బయటికి తెస్తారంటారు. కాపలాకుకి పేరు పెట్టింది మా ఆయనే. ఆ ఆరు ఆకుల జోలికి వెళ్లనని ముందే ఒప్పించుకున్నారు నా చేత.

"నీ ఆకు ఒకటి ఇలా ఇయ్యి" అన్నారు. పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశారు. ఈనెలు చూశారు, అంచులు చూశారు. ఆకు తిరగేశారు.

"అడుగున పొడి ఏదీ?"

"ఏ పొడి?"

"దీనికుంది చూడు. తెల్లగా, బూడిద చల్లినట్టు. నీ ఆకుకి లేదు."

"అది మైనం. హెక్సేన్‌తో కడిగేశాను."

"మైనం కాదు హైమా. మైనమైతే గోటికి అంటుకుంటుంది. ఇది రాలుతుంది. ఆ కొండ మీద వాళ్లు దీన్నే కదా..." ఆగిపోయి చీటీ వైపు చూశారు. ఆయన చేత్తో రాసిన చీటీయే: కొండవారు ఆకు అడుగుభాగమును రెప్పలకు రుద్దుదురు.

మంచెల మీద కాపలా కాసేవాళ్లు నిద్ర రాకుండా ఆకుని నమల్లేదు, ఉడకబెట్టలేదు, నూరలేదు. ఉత్తినే రుద్దుకున్నారు. పైపొడి వాళ్లకి చాలింది. ఆ చీటీ నేను ముప్పైసార్లు చదివాను. కొండవాళ్ల ఆచారం అనుకుని పక్కన పెట్టాను.

మూలపు అట్టలోంచి ఒక ఆకు ఆయనే కోసిచ్చారు. గాజు గిన్నెలో హెక్సేన్ పోసి ఆకు ముంచాను. పొడి కరిగిపోయింది. ఆకు పైన పొడిగా పూసే ఫ్లేవనాయిడ్లు కొన్ని నూనె జాతివి, నా రెండు మార్కుల పాఠంలో లేనివి. హెక్సేన్ ఆరబెట్టాక అడుగున లేత పసుపు ముద్ద మిగిలింది. పాదరసం ఉందేమోనని పరీక్షించాను, జాడ కూడా లేదు. ఆ ఉప్పు హెక్సేన్‌లో కరగదు. పలక మీద చుక్క వేశాను.

గీత లేచింది. లేచి గంతులు వేసింది. చెల్లి మేలుకుంది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు పదకొండు ద్రావణాలతో వెతికాను. విషం లేకుండా, తేటగా, నేనడిగినట్టే మందు తొలి కడుగులోనే వచ్చేసింది. దాన్ని పారబొయ్యమని చెప్పింది నేను.

"అప్పలకొండా! ఆ పీపా!"

అతను పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "శనోరం బండొచ్చి పట్టుకెల్లిపోనాది గదా మేడమ్. నానే దొర్లించి ఎక్కించినాను."

అతని మోటారు సైకిలు వెనక కూర్చుని నలభై కిలోమీటర్లు వెళ్లాను. వ్యర్థాలు కాల్చే ఆవరణ దగ్గర గేటు మనిషి రిజిస్టరు తిరగేసి, మా పీపా నంబరు మీద వేలు పెట్టాడు. ఆదివారం పొద్దున్న కొలిమిలో పోసేశారు. వెనక చిమ్నీ ఇంకా పొగ వదుల్తోంది. అప్పలకొండ ఆ పొగ వైపు చూస్తూ ఉండిపోయాడు.

మిగిలినవి అయిదు ఆకులు. ఆ అట్ట మీద దారాలు మా ఆయన చిన్న కత్తెరతో ఒక్కొక్కటే తెంపుతుంటే నేను చూడలేకపోయాను. శాస్త్రం దృష్టిలో ఇక కాపలాకు అనే మొక్కకి సాక్ష్యం లేదు. ఆయన ఉత్త అట్టని తిరిగి బీరువాలో పెట్టి తాళం వేశారు.

అయిదు ఆకులు కడిగితే తొమ్మిది మిల్లీగ్రాములు వచ్చింది. చిటికెడు కూడా కాదు, గిన్నె అడుగున మరక.

పలక మీద కట్టిన లెక్క ప్రకారం తొమ్మిది మిల్లీగ్రాములు మంజిని ఒక రోజు పైన లేపుతుంది. అంతకంటే లాభం లేదు, రోజు తర్వాత జబ్బు మళ్లీ తన చోటికి వస్తుంది. అణువుని చదివే యంత్రానికి మూడు మిల్లీగ్రాములు కావాలి. ప్రతి జిల్లాకీ ఒకటి చొప్పున ఇచ్చిన యంత్రం మా ల్యాబులోనే ఉంది. అది ఇచ్చిన పదార్థాన్ని కాల్చి, ముక్కముక్కగా విడగొట్టి చదువుతుంది. దానికిచ్చింది తిరిగి రాదు. చదివితే మూడు నెలల్లో మందు తయారవుతుంది, అందరికీ. మంజికి ఉన్నది ఆరు రోజుల మెలకువ, ఆపైన కొన్ని వారాల ఊపిరి.

మర్నాడు అది లేచినప్పుడు అంతా చెప్పేశాం. దానికున్న ఇరవై ఆరు నిమిషాల్లో అబద్ధాలకి చోటు లేదనుకున్నాను అప్పటికి.

"మూడు యంత్రానికి, ఆరు నాకు" అంది వెంటనే. చదరంగంలో ఎత్తు వేసినట్టు.

"మంజీ..."

"ఆరుతో ఎంతసేపు లేస్తాను?"

"తెలీదే. పదహారు గంటలు లేవచ్చు. అసలు లేవకపోనూ వచ్చు. తక్కువ చుక్క వేసినప్పుడు చెల్లి కాస్త కదిలి పడుకుండిపోయింది."

"నేను దాని కన్నా మొండిదాన్ని. పైడమ్మత్త కోసమైనా యంత్రానికి ఇవ్వాలి కదమ్మా. అప్పలకొండ మావయ్య నీతో అంత దూరం బండి తోలాడు." గడియారం వైపు చూసుకుంది. "ఒట్టు వెయ్యి."

వేశాను. దాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను.

మా ఆయన్ని పిల్ల దగ్గర ఉంచి ల్యాబుకి ఒక్కదాన్నే వెళ్లాను. తూకం తలుపు మూసి, యంత్రంలో పదార్థం పెట్టే చిన్న గాజు గిన్నె, పడవ అంటాం, అది ఒక పక్కా, మందు బిళ్ల తొడుగు ఒక పక్కా పెట్టుకున్నాను. ముందు పడవలో మూడు వేశాను. తొడుగులో ఆరు. ఆ ఆరు చూశాను. ఆరు చాలుతుందో లేదో నాకు తెలియదు. తొమ్మిది చాలుతుందని తెలుసు. పదకొండు వందల మంది అనుకుందామని చూశాను. పదకొండు వందలని ఊహించడానికి మనసులో చోటు దొరకలేదు. నాకు జడ వేసిన చేతులే కనిపించాయి. పడవని తొడుగులోకి వంచేశాను. గోడలకి అంటుకున్న రవ్వ కూడా వదలకుండా నేతి చుక్కతో తుడిచి అందులోనే వేశాను.

ఇందులో నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మందు నాలిక కింద పెట్టిన నలభై నిమిషాలకి మంజి లేచింది. లేచి, "ఆకలేస్తోంది" అంది. ఎనిమిది నెలల తర్వాత దాని నోటి నుంచి ఆ మాట విన్నాను. రెండు పెసరట్లు తింది, మూడోది నాన్న పళ్లెంలోంచి లాక్కుంది. బజారుకెళ్లి గాజులు వేయించుకుంది. మేకపిల్లని మెడ మీద వేసుకుని డాబా ఎక్కింది. ఎండ చూసింది, పొద్దుగుంకడం చూసింది. తెల్లవారుతుంటే నన్ను కూడా లేపి డాబా మీద కూర్చోబెట్టి చూపించింది. అంత సంతోషం మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ఆ సంతోషంలో నేనొక్కదాన్ని దొంగలా తిరిగాను.

పొద్దున్న తొమ్మిదింటికి, "పైడమ్మత్తని చూసొద్దాం" అంది. వద్దంటే ఏం కారణం చెప్పను? అప్పలకొండ ఇంట్లో మంచం పక్కన కూర్చుని, నిద్రపోతున్న ఆవిడ చెవిలో గట్టిగా చెప్పింది. "అత్తా, నీ మందు యంత్రంలో ఉంది. మూడు నెలలు ఓపిక పట్టు." అప్పలకొండ గోడకి తిరిగి తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఇరవై ఎనిమిది గంటలు లేచి ఉంది మంజి. ఆరు మిల్లీగ్రాములతో ఇంతసేపా అని మా ఆయన ఆశ్చర్యపోయారు. "నేను మొండిదాన్నని చెప్పానుగా" అంది అది. సాయంత్రం అయిదవుతుంటే కళ్లు బరువెక్కడం మొదలైంది. మంచం మీద పడుకుని నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నా మూడు మిల్లీగ్రాములు చూపించవూ? యంత్రం గీసిన కాగితం."

సంచీలో విద్యార్థుల ప్రాక్టికల్స్ కాగితాలున్నాయి. ఉల్లిపొట్టులోంచి తీసిన క్వెర్సిటిన్‌కి యంత్రం గీసిన బొమ్మ ఒకటి తీశాను. ప్రతి వంటింట్లో చెత్తబుట్టలో దొరికే ఫ్లేవనాయిడ్ అది. పైన ఉన్న పేరు మడిచి చేతికిచ్చాను.

కొండల వరసలా ఉన్న ఆ గీత మీద మంజి వేలు నడిపించింది. ఎత్తుగా ఉన్న చోట ఆగింది. "ఇది ఇంత పొడుగుందేం?"

"అక్కడ ఆక్సిజన్లు ఎక్కువ."

"బాగుంది. ఇదేనా అమ్మా, నాది?"

"అదేనమ్మా."

కాగితం గుండెల మీద పెట్టుకుంది. ఇంకేదో అనబోయి నిద్రపోయింది.

మర్నాడు ల్యాబుకి వెళ్లాను. వెళ్లకపోతే అనుమానిస్తారని వెళ్లాను. యంత్రం చదవడంలో ఏదో లోపం వచ్చిందనీ, ఆకు ఇక లేదనీ ఏ మాటల్లో చెప్పాలో దారంతా కూర్చుకున్నాను. అప్పలకొండ తొట్టి దగ్గర నిలబడి బీకర్లు కడుగుతున్నాడు. నన్ను చూసి కొళాయి కట్టేశాడు.

"మేడమ్, యంత్రం ఆడితే పడవ మసి పట్టీసి వస్తాది గదా. ఆసిడ్‌లో నానబెట్టి నానే గదా కడుగుతాను."

"అవును."

"మొన్న ఒక పడవొచ్చినాది తొట్లోకి. దానికి మసి నేదు. నెయ్యి అంటుకునున్నాది."

బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. తిడతాడని ఎదురుచూశాను. నా మొహాన ఒక బీకరు విసిరినా నాకు కాస్త ఊపిరి ఆడేది.

"పాప మా ఇంటికొచ్చినప్పుడికే నాకు ఎరికే మేడమ్" అన్నాడు. "పిల్ల మొహం సూసి, సెప్పనేకపోనాను."

మళ్లీ కొళాయి తిప్పి మిగతా బీకర్లు కడిగాడు. ఒక్కొక్కటీ బోర్లించాడు. చేతులు తుడుచుకుని గోడ గడియారం చూశాడు.

"పైడమ్మని పక్కకి తిప్పీ యేళయినాది. తిప్పకపోతే వీపు పుండు పడిపోతాది. ఎల్లొస్తాను మేడమ్."